అనిర్ధారిత దంపతులు

మా పెళ్ళి జరిగిందో లేదో తేల్చడానికి మా అధ్యక్ష మండలం, అంటే బిషప్ గారి ఆఫీసు వాళ్ళు ఒక కమిటీ వేశారు. అప్పటికి మాకు పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది. ఇద్దరు పిల్లలు పుట్టారు, చదువుకున్నారు, ఉద్యోగాల్లో చేరారు. వాళ్ళు పుట్టారనడంలో కమిటీకి అనుమానమేమీ లేదు. అనుమానమల్లా పెళ్ళి మీదే.

మీరు నవ్వుతారు. నవ్వండి. నేనూ మొదట్లో నవ్వాను. మా ఆయన తలగడ చంకన పెట్టుకుని గుమ్మం దిగేదాకా నవ్వుతూనే ఉన్నాను.

నా పేరు మార్త. మిషన్ ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మా ఆయన యేసురత్నం సెయింట్ బర్తలోమయి కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. ఇన్నేళ్ళలో ఆయన పాఠం నిద్రపోకుండా విన్నవాళ్ళు లేరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. పాపం, మంచి మనిషి. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారు.

ఇలా ఉండగా మా బిషప్ జయానందం గారు విశ్వాసం, విజ్ఞానం అనే ఏదో సదస్సుకి విదేశం వెళ్ళి, వస్తూ వస్తూ జలుబునీ క్వాంటం సిద్ధాంతాన్నీ వెంట తెచ్చుకున్నారు. జలుబు వారంలో తగ్గింది. క్వాంటం తగ్గలేదు. వెలుగు ఒకేసారి తరంగమూ, రేణువూ కూడా; అలాగే ప్రభువు సంపూర్ణంగా దేవుడూ, సంపూర్ణంగా మనిషీ అని ప్రసంగించారు. అక్కడిదాకా బాగానే ఉంది, వినడానికి చక్కగానే ఉంది. తర్వాత సండే స్కూలు పిల్లల చేత "ఎలక్ట్రాన్ ఎక్కడున్నది? చూచువరకు ఎక్కడనూ లేదు" అని వల్లె వేయించడం మొదలుపెట్టారు. క్రిస్మస్ నాటకంలో ఒక గొర్రెల కాపరిని తీసేసి ఎలక్ట్రాన్ని పెట్టారు. ఆ వేషం వేసిన పిల్ల వేదిక మీద ఎక్కడ నిలబడాలో తెలియక ఏడ్చింది.

ఆ ఊపులో బిషప్ గారు మా ఆయన్ని పిలిచి, "క్వాంటం సిద్ధాంతమూ క్రైస్తవ విశ్వాసమూ" అని ఒక పత్రం రాసి చదవమన్నారు. ఈయన ఆనందం చూడాలి! రెండు నెలలు అన్నం సయించలేదు. పత్రంలో మూడు వాదాలు వివరించారు. కొలిచేదాకా సంగతి తేలదనే పెద్దలు కొందరు. జరగగలిగినవన్నీ వేరువేరు లోకాల్లో జరుగుతూనే ఉంటాయనే పెద్దలు ఇంకొందరు. అన్నీ ముందే నిర్ణయమైపోయాయి, మనకి తెలియడం లేదంతే అనేవాళ్ళు మరికొందరు. చివరి పేజీలో, "ఇవన్నీ మనుషుల ఊహలు, వీటిలోంచి దయచేసి సిద్ధాంతాలూ శాసనాలూ తీయకండి" అని కూడా రాశారు. ఆ పేజీకి వచ్చేసరికి భోజనం గంట కొట్టారు.

ఆ భోజనం దగ్గరే వచ్చింది చిక్కంతా.

బిషప్ బంగళాలో పెద్ద బల్ల. బిషప్ గారి ప్లేటులో అరచెయ్యంత కొరమీను ముక్క. ఆడవాళ్ళం వడ్డిస్తున్నాం. అధ్యక్ష మండలం సెక్రటరీ రెవరెండ్ హనోకు గారు ప్రార్థనకి లేచారు. ఆయన ప్రార్థన రాష్ట్రపతి గారితో మొదలై, మంత్రులూ కలెక్టర్లూ మీదుగా బంగళా తోటమాలి దాకా వస్తుంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం చిన్నప్పటి నుంచీ ప్రార్థనలో కళ్ళు మూసుకున్న పాపాన పోలేదు. పైగా చేతిలో పులుసు గిన్నె. కళ్ళు మూసుకుంటే ఎవరి నెత్తిన పోస్తానో నాకే తెలియదు.

ప్రార్థన మంత్రుల దగ్గరికి వచ్చేసరికి బంగళా పిల్లి కిటికీలోంచి దూకింది. బల్లెక్కింది. కొరమీను ముక్కని నోట కరుచుకుని, నా వంక ఒకసారి చూసి, వచ్చిన దారినే వెళ్ళింది. నేను "ష్" అందామంటే అవతల ప్రార్థన.

ఆమెన్ అయింది. కళ్ళు తెరిచారు. ప్లేటు ఖాళీ.

"ముక్క ఏదీ?" అన్నారు బిషప్ గారు.

మా ఆయన పదేళ్ళకొక తమాషా మాట అంటారు. ఆ పదేళ్ళ మాటా ఆ రోజే అనాలా? "ఎవరమూ చూడలేదు కదండీ. చూడని క్షణంలో అది ప్లేటులో ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. బిషప్ గారు చెంచా కింద పెట్టారు. ఆయన ముఖంలో ఏదో వెలుగు వచ్చింది.

"పిల్లి ఎత్తుకుపోయిందండీ" అన్నాను.

హనోకు గారు నా వైపు తిరిగారు. ఆయన మామూలుగా మాట్లాడగా ఎవరూ వినలేదు. మిషనరీలు వెళ్ళిపోతూ తమ పాత బైబిలు భాషని ఆయనకి అప్పగించి వెళ్ళారు. "సహోదరీ, తమరు చూచితిరా?"

"చూశానండీ."

"ఏ హోదాలో?"

ఏం చెప్పను? "వడ్డించే హోదాలో" అన్నాను.

"అట్టి హోదా మన నిబంధనావళిలో లేదు" అన్నారాయన. దాంతో నా సాక్ష్యం గిన్నెలోనే ఉండిపోయింది. దారిలో మా ఆయన్ని దులిపేశాను. "తమాషాకన్నానని చెప్పొచ్చుగా?" అంటే, "చెబుదామనే అనుకున్నాను మార్తా. కానీ వాళ్ళంతా ఎంత శ్రద్ధగా వింటున్నారో చూశావా?" అన్నారు.

మరుసటి వారమే సర్కులర్ వచ్చింది. "ప్రార్థనా సమయమందు సభికులందరును ఏకకాలమున నేత్రములు మూసికొనుట వలన, ఆలయమును దానిలోని సమస్తమును పరిశీలకుడు లేని స్థితిలో అనిర్ధారితములగుచున్నవి. కావున ప్రతి సంఘమందును ఒక అధీకృత పరిశీలకుడు ప్రార్థన ముగియువరకు నేత్రములు తెరచియుంచవలెను."

ఆ పదవి కోసం మా సంఘ పెద్దలు కొట్టుకున్నంత పని చేశారు. ఏ పనీ లేకుండా కూర్చుని, అందరూ తలలు వంచుకున్నప్పుడు తలెత్తి చూసే పదవి! ఎన్నిక పెట్టారు. గెలిచినాయనకి ఎర్ర పట్టీ తగిలించారు. నెల తిరక్కుండా ఓడినాయన ఒక ప్రశ్న వేశాడు: పరిశీలకుడు కళ్ళు తెరిచే ఉన్నాడని ఎవరు చూశారు? చూడనంతవరకూ ఆ పరిశీలకుడు కూడా అనిర్ధారితుడే కదా?

హనోకు గారికి ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. ఉప పరిశీలకుణ్ణి వేశారు. ఉప పరిశీలకుణ్ణి చూడ్డానికి సహ పరిశీలకుణ్ణి వేశారు. వానాకాలం వచ్చేసరికి మా గుడిలో ప్రార్థన మొదలవగానే మూడొందల మందీ ఎర్ర పట్టీలతో, కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు. ప్రార్థించేవాడు లేడు. అప్పుడు ఇంకో సర్కులర్ ఇచ్చి, సంఘం తరఫున కళ్ళు మూసుకోవడానికి ఒకాయన్ని నియమించారు. ఆయన మొదటివారమే గురక పెట్టాడు. ఆ గురకకి మూడొందల మంది అధీకృత సాక్షులు.

ఇదంతా నాకు వినోదంగానే ఉండేది. ఆదివారం పూట ఇంతకన్నా కాలక్షేపం ఏముంది? హనోకు గారికి వెనకటి సంగతులు గుర్తుకు రావడంతో నా నవ్వు ఆగింది.

ఆయనకి వచ్చిన సందేహం సులువైనదే. ఇకముందు సరే, ఇంతకు ముందు మాటేమిటి? బాప్తిస్మాలూ, పెళ్ళిళ్ళూ, పాస్టర్లకిచ్చే గురుపట్టాలూ అన్నీ ప్రార్థనతోనే కదా జరిగాయి? అందరూ కళ్ళు మూసుకునే కదా ఉన్నారు? అయితే అవన్నీ జరిగినట్టా, జరగనట్టా?

మూడు రోజులు ఉపవాసముండి ఆయనే దారి కనిపెట్టారు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ గుళ్ళో కళ్ళు తెరుచుకుని ఉండేవాడు ఒక్కడున్నాడు. ఫోటోగ్రాఫరు!

మా ఊళ్ళో క్రైస్తవుల పెళ్ళిళ్ళన్నిటికీ ఫోటోలు తీసింది దిల్‌ఖుష్ స్టూడియో మస్తాన్ గారే. పెద్దమనిషి, అత్తరు పూసుకుంటాడు, తన పనితనం మీద తనకి మహా మోజు. ఆయన్ని బంగళాకి పిలిచి శాలువా కప్పి "గౌరవ మహా పరిశీలకులు" అని బిరుదు ఇచ్చారు. "మసీదుకెళ్ళేవాడు మన సంస్కారాలకి సాక్షి ఏమిటి?" అని ఒకరిద్దరు గొణిగారు. బాలయేసుని చూడవచ్చిన తూర్పు జ్ఞానులు మాత్రం మన సంఘ సభ్యులా అని హనోకు గారు వాళ్ళ నోరు మూయించారు. అప్పటి నుంచీ జనం ఆల్బములు పట్టుకుని దిల్‌ఖుష్ ముందు బారులు తీరారు. ప్రార్థన చేస్తుండగా తీసిన ఫోటో ఉంటే ఆయన వెనక ముద్ర వేస్తాడు. ముద్ర పడితే పెళ్ళి జరిగినట్టు.

మా పెళ్ళికి ఫోటోలు లేవు.

మా నాన్న మిషన్ బడి హెడ్‌మాస్టరు. ఫోటోలంటే ఆయనకి గిట్టదు. "దేవుడు చూస్తాడు, చాలదా? మధ్యలో ఫోటోవాడెందుకు?" అని తేల్చేశాడు. అప్పట్లో నేను రెండు రోజులు అలిగాను. ఇప్పుడేమో నోటీసు వచ్చింది. మేము "అనిర్ధారిత దంపతులం" అట. గుళ్ళో ఎడమ పక్క ఆడవాళ్ళు, కుడి పక్క మగవాళ్ళు కూర్చుంటారు. మాలాంటి వాళ్ళకి మధ్యలో కొత్తగా ఒక వరస వేశారు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం బల్ల దగ్గరికి రాకూడదు. ఇక మేముండే కాలేజీ క్వార్టర్సు కూడా మండలానివే, అవి కుటుంబీకులకి మాత్రమే గనక, సంగతి తేలేదాకా మేమిద్దరం ఒకే ఇంట్లో ఉండకూడదు. కావాలంటే అధీకృత పరిశీలకుల ఎదుట మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చునట. ఈ వయసులో పెళ్ళికూతురినై ముసుగు వేసుకోవాలా? నా బతుక్కి అదొక్కటే తక్కువ.

నోటీసు చించిపారేద్దామని వంటింట్లోంచి వచ్చేసరికి మా ఆయన తలగడా, లుంగీ, రెండు పుస్తకాలూ సర్దుకుంటున్నారు.

"ఏవండీ, ఎక్కడికి?"

"హాస్టల్లో వార్డెన్ గది ఖాళీగా ఉంది. తేలేదాకా అక్కడుంటాను."

"ఏం తేలేదాకా?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "సిద్ధాంతపరంగా చూస్తే వాళ్ళన్నదాంట్లో తప్పు పట్టడానికి లేదు మార్తా. కొలత జరగలేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇటు చూడండి. కొలతలూ గిలతలూ నాకొద్దు. మీరు నన్ను పెళ్ళి చేసుకున్నారా లేదా? ఒక్క ముక్క చెప్పండి."

ఆయన ఆలోచించారు.

అదీ నా బాధ. ఏం చెప్పారన్నది కాదు, అసలు ఆలోచించారు! ముప్పై ఏళ్ళు వండి పెట్టినదాన్ని ఎదురుగా నిలబెట్టుకుని, బోర్డు మీద లెక్క చూసినట్టు ఆలోచించారు. "వెళ్ళండి" అన్నాను. వెళ్ళారు. ఆ రాత్రి అన్నం ఇద్దరికి వండేశాను. అలవాటు కదా. కుక్కకి పెడుతూ ఏడ్చాను.

నాలుగు రోజుల తర్వాత హనోకు గారు విచారణకని ఇంటికి వచ్చారు. మర్యాదగా చెప్పులు బయట విడిచి, మంచినీళ్ళు తాగి, మా ఆయన పత్రం తెరిచారు.

"సహోదరీ, తమ భర్తగారు, అనగా భర్తగారు కాగలవారు, రెండవ భాగమందు అనేక లోకములను గూర్చి వ్రాసియున్నారు. దాని ప్రకారము వేరొక లోకమందు తమకు వేరొక భర్త ఉండవచ్చును. ఉన్న యెడల, ఈ వివాహమునకు అది అభ్యంతరము కాగలదు. అతని పేరు, చిరునామా తెలుపగలరా?"

"నాకు తెలియదండీ. మీకు గాని తెలిస్తే ముందు నాకు కబురు పెట్టండి. వంట చెయ్యడం వచ్చో రాదో కనుక్కోవాలి."

ఆయన అది కూడా రాసుకున్నారు. వెళ్ళి కౌన్సిల్లో, లోకం ఒకటా అనేకమా అన్నదాని మీద ఓటింగు పెట్టించారు. ప్రభువు ఒక్కసారే మరణించాడు గనక లోకం ఒక్కటే అని కొందరు, ఆయన ప్రేమకి హద్దు లేదు గనక లోకాలకీ హద్దు లేదని కొందరు వాదించారట. ఒక్క ఓటు తేడాతో లోకం ఒకటిగా నెగ్గింది. ఓడినవాళ్ళు ఇంకో లోకంలో తామే నెగ్గామని చెప్పుకుని, టీ తాగి వెళ్ళిపోయారు. ఆ విధంగా నా రెండో మొగుడు రద్దయ్యాడు. ఇక మొదటాయన సంగతి తేలాలి.

కమిటీ విచారణ బిషప్ బంగళా హాల్లో. అదే పెద్ద బల్ల. నడుమ బిషప్ గారు, కుడి పక్క హనోకు గారు, ఎడమ పక్క శాలువాతో మస్తాన్ గారు. ఆయన మెడలో పాత కెమెరా పతకంలా వేలాడుతోంది. గోడ మీద బిషప్ గారి అభిషేకం ఫోటో. చుట్టూ గురువులంతా ఆయన తల మీద చేతులుంచి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు. తీసింది మస్తాన్ గారే. మా ఆయన ఒక మూల కుర్చీలో. గడ్డం మాసి ఉంది. హాస్టలు కూడు తిన్న మొహం తెలుస్తూనే ఉంది. నాకు జాలేసింది. వెంటనే ఆ ఆలోచన సంగతి గుర్తొచ్చి జాలి మానుకున్నాను.

"ఫోటో లేదు గనక ఏం చెయ్యగలమమ్మా?" అన్నారు బిషప్ గారు. నిజానికి ఆయన దయగల మనిషే. "మస్తాన్ గారి కన్ను పడి ఉంటే ఏ చిక్కూ ఉండేది కాదు."

"ఆ కన్ను ఎలా పడుతుందో ఒకసారి చూపించమనండి. నా పెళ్ళికి లేని కన్ను ఎలాంటిదో చూస్తాను" అన్నాను.

అడగడమే ఆలస్యం, మస్తాన్ గారు ఉషారుగా లేచారు. కెమెరా ఎత్తి, ఎడం కన్ను మూసి, కుడి కన్ను ఆనించారు.

హనోకు గారి కలం ఆగింది. "ఒక నేత్రము మూసితిరే!"

"రెండూ తెరిస్తే గురి కుదరదు సార్" అన్నారు మస్తాన్ గారు.

"అట్లయిన సగము మాత్రమే నిర్ధారణ."

మస్తాన్ గారికి పౌరుషం వచ్చింది. "సగమా? ఏం మాటండీ అది! ఈ కన్ను రెప్ప వెయ్యదు. బటన్ నొక్కేదాకా అట్టాగే ఉంటది."

"నొక్కినప్పుడో?" అన్నాను నేను. ఊరికే అడిగాను, ఒట్టు.

"నొక్కినప్పుడు లోపలి అద్దం టక్కున పైకి లేస్తదమ్మా. ఆ క్షణం అంతా చీకటే. అదే కదా మన పనితనం! కనపడకుండానే పట్టేస్తా. నలభై ఏళ్ళ సర్వీసులో నొక్కిన క్షణాన్ని నేను చూసిందే లేదు!" అని ఛాతీ విరుచుకున్నారు.

అందరి కళ్ళూ గోడ మీది ఫోటో మీదికి పోయాయి. హనోకు గారికి తర్కం పట్టుకుంటే వదలదు. నెమ్మదిగా లేచి నిలబడ్డారు.

"అనగా అధ్యక్షుల వారి అభిషేకమును ఎవరును చూడలేదు. కావున అది అనిర్ధారితము. వారి హస్తములచే పట్టము పొందిన గురువులందరును అనిర్ధారితులు. వారిలో..." అని ఒక్క క్షణం ఆగి, చెమట తుడుచుకుని, అయినా మానలేక, "వారిలో నేనును ఒకడను. నేను సంతకము చేసిన సర్కులర్లన్నియు..."

"హనోకు గారూ, ఇక ఆపుతారా!" బిషప్ గారు బల్ల మీద కొట్టారు. ఆయన అరవగా నేను వినడం అదే మొదలు. "ఎవరూ చూడకపోతే ఏమయిందయ్యా? దేవుడు చూళ్ళేదూ?"

ఇంతకాలం ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. మా నాన్న గుర్తొచ్చి నేను కొంగుతో ముక్కు తుడుచుకున్నాను.

హనోకు గారి ముఖం వికసించింది. వెంటనే కూర్చుని తీర్మానం రాశారు. "సర్వశక్తిమంతుడైన దేవుని, జగదుత్పత్తి నాటి నుండి వర్తించునట్లుగా, పదవిరీత్యా పరిశీలకునిగా నియమించుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. పదవీకాలము నిబంధనావళి ప్రకారము మూడు సంవత్సరములు. పనితీరును బట్టి పొడిగింపబడును."

"అయితే మా పెళ్ళి కూడా ఆయన చూసే ఉంటాడుగా?" అన్నాను.

"ప్రస్తుతము అభిషేకములకు, నియామకములకు మాత్రమే. సామాన్య సభ్యుల వివాహములకు విస్తరింపజేయుటకు జనరల్ బాడీ సమావేశము కావలెను. అది వచ్చే వేసవిలో."

నేను లేవబోయాను. ఇంతలో మూల నుంచి కుర్చీ చప్పుడైంది. మా ఆయన నిలబడ్డారు.

"నేను కళ్ళు తెరిచే ఉన్నానండీ" అన్నారు.

అందరూ అటు తిరిగారు.

"మా పెళ్ళి ప్రార్థనలో. నేను కళ్ళు మూసుకోలేదు." "అడిగినప్పుడే మార్తకి చెప్పవలసింది. తెలివితక్కువగా సిద్ధాంతం ఆలోచించాను. ఇంకో మాట కూడా. ఆ రోజు కొరమీను గురించి నేనన్నది తమాషాకండీ."

"తమాషాకా!" అన్నారు బిషప్ గారు, నీరుగారిపోయి.

"ఆ తమాషా పదకొండు సర్కులర్లుగా అమలులో నున్నది. ఇప్పుడు ఉపసంహరించుటకు వీలుపడదు" అన్నారు హనోకు గారు. "మరియు వరుడు తానే పరిశీలకుడు కాజాలడు. పరిశీలింపబడునది తన్ను తాను పరిశీలించుకొనదని తమ పత్రమే చెప్పుచున్నది."

"అది ఎలక్ట్రాన్ గురించి రాశానండీ. మార్త ఎలక్ట్రాన్ కాదు."

ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఇంత మాట అనలేదు. "నేనూ కళ్ళు మూసుకోలేదండీ. కావాలంటే రాసుకోండి" అన్నాను.

ఇద్దరు సాక్షులనేసరికి హనోకు గారికి ప్రాణం లేచొచ్చింది. ఇద్దర్నీ చెరో గదిలో పెట్టి, ఒకరి మాట ఒకరికి వినపడకుండా, ఆ ప్రార్థనలో ఏం చూశారో అడుగుతానన్నారు. రెండు జవాబులూ ఒకటైతే పెళ్ళి జరిగినట్టు. కాకపోతే లేదు. దూరంగా ఉంచిన రెండు రేణువులకి ఇలాంటి పరీక్షే పెడతారని మా ఆయన పత్రంలోనే ఉందట. మా ఆయన్ని పుస్తకాల గదిలోకీ, నన్ను వంటగదిలోకీ పంపారు. వంటగదిలో పొయ్యి పక్కన పిల్లి పడుకుని ఉంది. నన్ను చూసి గుర్తుపట్టినట్టే ఉంది.

హనోకు గారు వచ్చి నా జవాబు రాసుకున్నారు. నేను చూసింది నాకు నిన్నటిలా గుర్తుంది. బలిపీఠం ముందు ఇద్దరం మోకరించి ఉన్నాం. పాస్టరుగారు బూట్లు విడిచి పీఠమెక్కారు. తలవంచుకున్న నాకు ఆయన నిలువుటంగీ కింద మేజోళ్ళు కనిపించాయి. ఒకటి నలుపు, ఒకటి గోధుమరంగు. పాపం, హడావుడిలో తొడుక్కున్నట్టున్నారు. నాకు నవ్వాగలేదు. ముసుగుంది గనక సరిపోయింది.

చెప్పానేగాని కుదురుగా ఉండలేకపోయాను. నా పక్కనే మోకరించిన మనిషి, కళ్ళు తెరిచి ఉంటే ఆ మేజోళ్ళు చూడక ఎక్కడికి పోతాడు? మూరెడు దూరం కూడా లేవు. కానీ నుదుటి మీది కళ్ళజోడే కనపడని మనిషాయె! చూశారు ప్రభువా, చూసే ఉంటారు, రంగులు కూడా సరిగ్గా చెప్పాలి అని ఆ పిల్లి ముందు నిలబడి ప్రార్థించాను. జీవితంలో మొదటిసారి కళ్ళు మూసుకుని ప్రార్థించాను.

మళ్ళీ హాల్లోకి పిలిచారు. హనోకు గారు నా జవాబు చదివారు. మేజోళ్ళు అనగానే బిషప్ గారు, ఈ పూట తనవెలా తొడుక్కున్నారోనని, తన పాదాల వంక చూసుకున్నారు. తర్వాత మా ఆయన జవాబు, ఆయన ఎలా చెప్పారో అలాగే, పద్దు చదివినట్టు చదివారు.

"నేను పాస్టరుగారి వైపు చూడలేదండీ. మార్తనే చూశాను. ముసుగులోంచి కిందికి చూసి నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేక భుజాలు కదులుతున్నాయి. అంతదాకా భయపడుతున్న నాకు ఆ నవ్వు చూశాక భయం పోయింది. ఏం చూసి నవ్విందో ఆ రోజు నుంచీ అడుగుదామనుకుంటున్నాను. అడగలేదు."

హనోకు గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. తల అడ్డంగా ఊపారు. "ఒకరు మేజోళ్ళు, ఒకరు నవ్వు. పరిశీలనలు రెండును పొసగలేదు. వివాహము అనిర్ధారితముగానే కొనసాగును."

ఆయన ఇంకా ఏవో నిబంధనలు చదువుతూనే ఉన్నారు. నాకు వినపడలేదు. కళ్ళు తుడుచుకుని లేచాను.

"పదండి. హాస్టలుకెళ్ళి ఆ తలగడ తెచ్చుకుందాం" అన్నాను.

"మరి క్వార్టర్సు రూలూ..." అంటూనే నా వెనకాలే వచ్చేశారు.

తలగడ చంకన పెట్టుకుని, కాలవగట్టు మీద అందరూ చూస్తుండగా ఇంటికి నడిచాం. ఎర్ర పట్టీ ఇంకా తీయని పెద్దమనిషొకడు ఎదురై మమ్మల్ని అధికారికంగా చూసి వెళ్ళాడు. రైలు గేటు దగ్గరికి వచ్చాక మా ఆయన ఆగారు.

"నలుపూ, గోధుమరంగూనా?" అన్నారు.

"అవును. నలుపుదానికి బొటనవేలి దగ్గర చిల్లు కూడా ఉంది."

ఆయన నడిరోడ్డు మీద పడీ పడీ నవ్వారు. తలగడ జారిపోతే నేను పట్టుకున్నాను. గేటు పడింది, రైలు వెళ్ళింది, గేటు లేచింది, ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇన్నేళ్ళూ చెప్పలేదేం మార్తా?" అన్నారు.

"మీరడిగితేగా!" అన్నాను.